నూకాలు తూకం

నూకాలంటే నాకు ఒళ్ళు మంట. ఈ మాట ఆవిడ మొహం మీదే చాలాసార్లు అన్నాను కాబట్టి చాటున చెప్పుకుంటున్నట్టు కాదు. నేనంటే ఆవిడకీ అంతే. మధ్యలో డయాలసిస్ మిషను అడ్డంగా ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏనాడో జుట్లు పట్టుకునేవాళ్ళం. మంగళవారం, గురువారం, శనివారం ఆవిడ రోజులు. మిగతా రోజుల్లో నేను మంచివాణ్ణే.

ఆవిడది జాలరిపేట. నాది పద్మనాభం దగ్గర పల్లె. ఇంట్లోవాళ్ళు వరి పండిస్తారు, నేను పొద్దున్నే బస్సెక్కి విశాఖపట్నం వచ్చి సాయంత్రం బస్సెక్కి పోతాను. డయాలసిస్ టెక్నీషియన్ని. సూదులు గుచ్చడం, మిషను నడపడం, ఎవరి ఒంట్లోంచి ఎంత నీరు లాగాలో చూసి లాగడం నా పని. పేరు ఉదయ్‌కుమార్. ఆవిడ మాత్రం ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు. "ఒరే సూదోడా" అనేది, అదీ వార్డంతా వినబడేలా.

ముప్పై ఏళ్ళు బజారులో చేపలమ్మిన గొంతు మరి. "కవళ్ళు, కవళ్ళు" అని అరిచిన ఆ గొంతుతోనే "సూది గుచ్చడం ఏ సంతలో నేర్సుకున్నావురా" అని నన్ను కడిగేసేది. పక్క మంచం జగ్గారావు గారు ఉక్కునగరంలో ఉంటారు, ప్లాంటులో రిటైరయిన పెద్దమనిషి. పాపం ఆయన చెవుల్లో దూది పెట్టుకుని వచ్చేవారు.

ఆవిడ కిడ్నీలు ఎలా పోయాయో డాక్టర్ రాధ గారు కూడా ఫలానా కారణమని చెప్పలేదు. చెప్పడానికి కారణాలు ఎక్కువైపోయాయి. తెల్లారకుండానే హార్బరుకి పోయి చేపలు పట్టుకొచ్చి బజారులో కూర్చునేది. ఒక టీ తాగితే మళ్ళీ మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. తాగితే ఎక్కడికి వెళ్ళాలి? ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి మరుగే లేదు. గంప మోసి మోసి మెడా మోకాళ్ళూ పట్టేస్తే మందుల షాపువాడిచ్చే నొప్పి బిళ్ళలు, రోజుకి రెండు, ఏళ్ళ తరబడి. బీపీ ఎంత ఉందో ఒక్కసారీ చూపించుకోలేదు. కాళ్ళు వాచి, అన్నం సయించక, ఆయాసంతో ఆస్పత్రికి వచ్చేసరికి అంతా అయిపోయింది.

కిడ్నీ నొప్పి పెట్టదు. అదే దాని దుర్మార్గం. పిడికిలంత ఉంటుంది, ఒక్కొక్కదాంట్లో పది లక్షల దాకా జల్లెళ్ళు. జల్లెడంటే కంటికి కనబడనంత సన్నని రక్తనాళాల చిక్కు. రక్తం జోరుగా వచ్చి అందులోంచి పోతుంటే రక్తకణాలూ ప్రోటీన్లూ లోపలే ఉండిపోతాయి. నీళ్ళు, ఉప్పు, చక్కెర, ఒంట్లో పేరుకునే చెడు, అన్నీ కలిసి అవతలికి కారిపోతాయి. అలా రోజుకి నూట ఎనభై లీటర్లు. అదంతా బయటికి పోతే మనిషి పూట గడవకుండానే ఎండిపోతాడు. అందుకని ప్రతి జల్లెడ వెనకా ఒక సన్నని పొడుగాటి గొట్టం ఉంది. కారిపోయినదాన్ని అది మళ్ళీ ఏరి రక్తంలోకి పంపిస్తుంది. చక్కెర మొత్తం వెనక్కి, ఉప్పు కావలసినంత వెనక్కి, నీళ్ళు దాదాపు అన్నీ వెనక్కి. ఒంటికి అక్కర్లేనిది లీటరున్నర మిగులుతుంది, అదే మూత్రం. బీపీ ఎక్కువై ఏళ్ళ తరబడి ఆ జల్లెళ్ళని కొడుతుంటే అవి గట్టిపడి మూసుకుపోతాయి. ఒకటి పోతే పక్కది దాని పని కూడా నెత్తినేసుకుంటుంది, కొన్నాళ్ళకి అదీ పోతుంది. మూడొంతులు పోయేదాకా మనిషికి తెలియనే తెలియదు.

నూకాలు వచ్చిన మొదటి వారం ఇదంతా బొమ్మ గీసి మరీ చెప్పాను. మిషను కూడా ఇలాగే జల్లెడ పడుతుందని చెప్పబోతే అడ్డం వచ్చింది.

"అంటే ఇది వల."

"వల కాదు, కిడ్నీ లాంటిది."

"వలేరా. వలలో సేప పడద్ది, పాసి పడద్ది, ముల్లు పడద్ది. అది ఏరతాదేటి? ఒడ్డుకొచ్చాక ఇసకలో కూకోని ఏరీది మా ఆడోళ్ళు. నీ మిషనికి వల ఉంది గానీ ఏరీ ఆడమనిషి నేదు."

చదువుకున్న నాకు మూడేళ్ళలో తట్టని మాట. ఒప్పుకోవడం ఇష్టంలేక, ఎక్కువ మాట్లాడితే బీపీ పెరుగుతుందని నోరు మూయించాను.

కానీ అన్నది నిజం. ఎంత నీరు ఉంచాలో ఎంత తీసెయ్యాలో మిషనుకి తెలియదు, మనిషి చెప్పాలి. చెప్పడానికి ఉన్న ఆధారం బరువు. నూకాలుకి మూత్రం రావడం ఎప్పుడో ఆగిపోయింది, తాగిన ప్రతి గ్లాసూ ఒంట్లోనే ఉంటుంది. అదనపు నీరు లేనప్పుడు ఆవిడ బరువు యాభై ఏడు కిలోలు. వచ్చినప్పుడు అరవై తూగితే మూడు లీటర్లు లాగాలి. లెక్క అంతే. ఆవిడేమో ఉప్పు చేప, అందులోనూ ఎండు నెత్తళ్ళు లేనిదే ముద్ద ఎత్తదు. ఆ ఉప్పుకి దాహం, ఆ దాహానికి నీళ్ళు. మూడున్నర, నాలుగు కిలోలు పెరిగి వచ్చేది. నేను అందరి ముందూ చెడామడా తిట్టేవాణ్ణి, అంతా లాగేవాణ్ణి. చివరి గంటలో పిక్కలు రాయిలా బిగుసుకుపోయి కేకలు పెట్టేది. బీపీ పడిపోయి కళ్ళు తేలేసేది. మర్నాడు మంచం దిగలేకపోయేది.

ఒకరోజు సూది తీస్తుంటే మెల్లగా అంది. ఆ గొంతు మెల్లగా కూడా పలుకుతుందని అప్పుడే తెలిసింది.

"బాబూ, కొంచెం నిదానంగా లాగు. మర్నాడు నిలబడలేకపోతన్నాను. రెండ్రోజులు బజార్లో నా జాగా కాళీగా కనబడితే మూడోరోజు ఇంకోర్తి గంప పెట్టీసుకుంతాది. ఆ జాగా మా అత్త ఇచ్చినాది."

"ఉప్పు తిని నీళ్ళు తాగీసి నిదానంగా లాగమంటే ఎలాగొస్తాది? నోరు కట్టుకో, అప్పుడు నిలబడతావు" అన్నాను.

ఆవిడ సంచి భుజాన తగిలించుకుని గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

తర్వాతి వారం నుంచీ నూకాలు బాగుపడింది. రెండు కిలోల ఏడు వందలు, రెండున్నర, రెండు. ఒకసారి కిలో ఎనిమిది వందలు. నా తిట్లు పనిచేశాయని నేను పొంగిపోయాను. "చూడండి సార్, చదువురాని నూకాలే నోరు కట్టుకుంది, మీరు పెద్ద ఉద్యోగం చేసి కొబ్బరినీళ్ళు మానలేకపోతున్నారు" అని జగ్గారావు గారిని దెప్పాను. రాధ గారి దగ్గర కూడా గొప్ప చెప్పుకున్నాను. లాగేది తక్కువ కాబట్టి పిక్కలూ పట్టడం లేదు, కేకలూ లేవు. మర్నాడు బజారులో కూర్చుంటోందని కూడా విన్నాను. బీపీ మాత్రం దిగడం లేదు, పైగా పెరుగుతోంది. రాధ గారు మాత్ర మీద మాత్ర వేస్తూ, "బరువు ఇంత బాగుంటే బీపీ ఎందుకు పెరుగుతోంది ఉదయ్?" అని రెండుసార్లు అడిగారు. "ఆవిడ నోటికి బీపీ రాక చస్తుందా మేడమ్" అన్నాను. రాధ గారు నవ్వలేదు.

మూడు నెలలు అలా నడిచింది. మే నెలలో ఒక గురువారం ఒంటిగంటకి నూకాలు గోడ పట్టుకుని వచ్చింది. నేను లోపల మిషనుకి గొట్టాలు ఎక్కిస్తున్నాను. వచ్చి చూసేసరికి ఎప్పటిలాగే వరండాలో కాటా మీద నిలబడి ఉంది. యాభై ఎనిమిది కిలోల నాలుగు వందలు. రాసుకున్నాను. మంచం మీద పడుకోబెట్టబోతే పడుకోలేకపోయింది. వెనక్కి వాలితే చాలు, ఊపిరి అందడం లేదు. పెదాలు నల్లబడ్డాయి, గొంతులో గరగరమంటోంది. రాధ గారు పరుగెత్తుకొచ్చి వీపుకి స్టెతస్కోపు పెట్టి విన్నారు. కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కితే వేలు దిగిపోయి గుంట అలాగే ఉండిపోయింది.

"ఊపిరితిత్తుల నిండా నీరుంది. ఎంత పెరిగింది?"

"కిలో నాలుగు వందలే మేడమ్. నేనే చూశాను."

"కిలో నాలుగు వందలకి ఇలా అవదు. మళ్ళీ తూచండి."

"మళ్ళీ తూచినా అంతే మేడమ్" అన్నాను. ఎదురుగా మనిషి మునిగిపోతుంటే నేను నా అంకె పట్టుకుని వాదిస్తున్నాను. తూచాలన్నా ఆవిడ నిలబడే స్థితిలో లేదు. ఆక్సిజన్ పెట్టారు. మిషను సిద్ధంగా ఉంది, ఎంత లాగాలో తెలియదు. తక్కువ లాగితే ఊపిరాడక పోతుంది, ఎక్కువ లాగితే బీపీ పడిపోయి పోతుంది.

అడ్డంగా ఉందని ఆవిడ సంచిని మంచం కిందికి తోయబోయాను. కదల్లేదు. చేత్తో ఎత్తితే భుజం కిందికి లాగింది. తెరిచి చూశాను. పాత చీర ముక్క కింద మూడు ఇనప తూకం రాళ్ళు. రెండు కిలోలది, కిలోది, అరకిలోది. పాతకాలం త్రాసు రాళ్ళు, తుప్పు పట్టి, చేపల వాసనతో.

మా కాటా బజారుల్లో బస్తాలు తూచే రకమే. దానికొక గుండీ ఉంటుంది. పైన ఏదైనా బరువు పెట్టి ఆ గుండీ నొక్కితే సున్నా చూపిస్తుంది, ఆ బరువు తీసేసి ఇంకోటి పెడితే తీసేసినంతా తగ్గించి చూపిస్తుంది. నేను లోపల గొట్టాలతో కుస్తీ పడుతుంటే నూకాలు సంచి పెట్టి, గుండీ నొక్కి, సంచి తీసి ఎక్కేది. నేను వచ్చేసరికి కాటా ఆవిడ చెప్పమన్నది చెప్పేది. మొదట కిలో రాయితో మొదలైంది. ఒంట్లో మిగిలిపోయిన నీరు పెరుగుతున్నకొద్దీ సంచిలో రాళ్ళూ పెరిగాయి. ఆవిడకి అక్షరం రాదు, అంకెలు మాత్రం నాకంటే బాగా వచ్చు.

"ఎవరు నేర్పార్రా నీకు ఈ దొంగ పని?" అని అరిచాను. పెద్దావిణ్ణి 'రా' అన్నానని కూడా తెలియలేదు.

ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మాట మాటకీ ఆగుతూ చెప్పింది. "హార్బర్లో కొనీవోళ్ళు. మా ఆయన పడవ సేపల్ని ఇలాగే తూసీవోళ్ళు. ఐసు పెట్టి సున్నా నొక్కీసి, ఐసు పారబోసి సేపలు పోసీవోళ్ళు. ఆడు బతికున్నన్నాళ్ళూ ఆళ్ళతో దెబ్బలాడినాను."

"సావాలని ఉంటే ఇంటికాడే సావొచ్చు కదా! ఇక్కడికొచ్చి నా సేతుల్లో సావడమెందుకు?"

వార్డంతా విన్నారు. జగ్గారావు గారు చెవిలో దూది తీసి నావైపు చూశారు.

"నిలబడాలని సేసాను రా" అంది నూకాలు. "సావాలని కాదు."

రాధ గారు మాస్కు మళ్ళీ పెట్టి నన్ను నోరు మూసుకోమన్నారు. కిలో నాలుగు వందలకి రాళ్ళ బరువు మూడున్నర కలిపితే దాదాపు ఐదు లీటర్లు. ఒక్కసారి లాగితే గుండె తట్టుకోదు కాబట్టి ఆ రోజు ఐదు గంటల్లో మూడున్నర, మర్నాడు మళ్ళీ ఎక్కించి మిగతాది అని చెప్పారు. మొదలుపెట్టాం. రెండు గంటలు గడిచాక పెదాలకి రంగు వచ్చింది. మూడో గంటకి దిండుకి వాలగలిగింది.

అప్పుడు రాధ గారు కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చుని ఫైలు మొదటి నుంచీ తిరగేశారు. "నాలుగు గంటల్లో మూడున్నర, నాలుగు లీటర్లకే ఇంతలా పిక్కలు పట్టి బీపీ పడిపోతోందంటే గుండె బలహీనంగా ఉందేమో. పరీక్ష చేయిస్తాను. బజారు మాత్రం ఇక మానేయాలమ్మా. ఇంటిపట్టున ఉండాలి."

నూకాలు డాక్టరు వైపు చూడలేదు, నావైపు చూసింది.

"నాలుగు గంటలో కాదో ఆడినే అడగండి" అంది. "నా దొంగతనం సంచిలో దొరికిపోనాది."

ఇంతసేపూ నేను ఒక సంగతి రాయలేదు. రాయాలనిపించలేదు. నూకాలు అమ్మకం ముగించుకుని ఒంటిగంటకి వచ్చేది, ఒంటిగంటంబావుకి మిషను ఎక్కించేవాణ్ణి. నాలుగు గంటలంటే ఐదుంబావు. మా ఊరి బస్సు ఆర్టీసీ కాంప్లెక్సులో ఐదింటికి. అది పోతే ఆరున్నర దాకా ఇంకోటి లేదు, అందులో కాలు పెట్టడానికి చోటుండదు. అందుకని నాలుగున్నరకే దింపేసేవాణ్ణి. కాగితం మీద ఐదుంబావు అని రాసేవాణ్ణి. నాలుగు గంటల్లో లాగాల్సిన నీరు మూడుంబావు గంటల్లో లాగితే పిక్కలు పట్టక ఏమవుతాయి? దిగేటప్పటి బరువు కూడా నేను చూసేవాణ్ణి కాదు, చెప్పులు వేసుకుంటూ "ఎంతుంది?" అని కేకేస్తే ఆవిడే ఏదో అంకె చెప్పేది. జగ్గారావు గారిని మాత్రం పన్నెండున్నరకే ఎక్కించి నాలుగు గంటలూ నడిపేవాణ్ణి. ఆయన చేతికి వాచీ ఉంది. కిడ్నీలు రాత్రీ పగలూ ఆగకుండా వారమంతా చేసే పనిని మేము వారానికి పన్నెండు గంటల్లో చేస్తున్నామని రోగులకి గొప్పగా చెప్పేవాణ్ణి. అందులో రెండు గంటలు పైనే నేను తినేశాను.

"ఉదయ్, నాలుగు గంటలూ నడుపుతున్నారు కదా?"

"నాలుగే మేడమ్" అన్నాను.

రాధ గారు తలూపి ఫైల్లో రాశారు. బజారు వద్దు, విశ్రాంతి. నూకాలు తిడుతుందని ఎదురుచూశాను. వార్డు దద్దరిల్లేలా అరుస్తుంది, నేను ఆవిడ మాటల్ని ఎవరు నమ్ముతారని అంటాను, అంతా అలా జరుగుతుందనుకున్నాను. ఆవిడ చెంగు కళ్ళ మీదికి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఊపిరాడనప్పుడు కూడా నాతో కొట్లాడిన మనిషి.

పక్క మిషను మోగితే వెళ్ళి ఆపాను. మంచితనం పొంగి వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. ఆవిడ అరిచి ఉంటే నేనూ అరిచి ఆ అబద్ధం మీదే ఉండిపోయేవాణ్ణి.

"మేడమ్, మూడుంబావు" అన్నాను వెనక్కి వచ్చి.

"ఏమిటి మూడుంబావు?"

"మూడుంబావు గంటలే నడిపాను. మొదటి నుంచీ. బస్సు కోసం."

రాధ గారు కళ్ళజోడు సర్దుకుని ఫైలు మళ్ళీ తెరిచారు. తర్వాత ఫైల్లో రాసినది కొట్టేసి, ప్రతిసారీ ఐదు గంటలు అని రాశారు. కాటా దగ్గర ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇద్దరు చూడాలని రాశారు.

నూకాలు గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఇన్నాళ్ళూ నా పాణం తీసీసి, ఇప్పుడా సెప్పడం!" అని ఉమ్మేసింది. నా కాళ్ళ దగ్గర పడింది. నేనే తుడిచాను.

నన్ను రెండు నెలలు మిషన్ల దగ్గరికి రానివ్వలేదు, స్టోరులో సెలైన్ పెట్టెలు మోయించారు. నూకాలుకి గుండె పరీక్ష చేశారు. నీటి బరువు మోసి మోసి గుండె గోడ మందమయింది, కొంత తగ్గవచ్చు, అంతా తగ్గదు అన్నారు రాధ గారు. అందులో రాళ్ళ వాటా ఎంత, బస్సు వాటా ఎంత అని నేను అడగలేదు. ఐదు గంటలు నిదానంగా లాగడం మొదలయ్యాక పిక్కలు పట్టడం దాదాపు పోయింది. నెత్తళ్ళు మానలేదు, తగ్గించింది. నేను వార్డులోకి తిరిగి వచ్చాక ఒక మంగళవారం సూది పట్టుకుని దగ్గరికి వెళితే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇప్పటికీ అంతే. ఆవిడకి సూది వేసేది ఇంకో టెక్నీషియన్ మోహన్. అతను ఆలస్యంగా వస్తే అతని కోసం కూర్చుంటుంది గానీ నా చేతికి చెయ్యి ఇవ్వదు.

మొన్న బుధవారం, ఆవిడ మిషను దిగిన మర్నాడు, నాకు సెలవు. పొద్దున్నే జాలరిపేటలో దిగాను. ఎందుకని నన్నడగొద్దు. బజారులో ఆవిడ గొంతు ముందు వినబడింది, తర్వాత మనిషి కనబడింది. ఎవరితోనో బేరం దగ్గర గొడవ పడుతోంది. గంప నిండా కానాగంతలు, మెరుస్తున్నాయి.

"కిలో ఇయ్యి పిన్నీ" అన్నాను.

నన్ను చూసింది. పక్కనున్న తడి గోనె తీసి గంప మీద కప్పేసింది.

"నీకు నేవు."

"ఉన్నాయి కదమ్మా" అంది పక్కనున్న ఆవిడ.

"ఉన్నాయి. ఆడికి నేవు."

నేను పక్కకి తప్పుకోగానే గోనె తీసి పక్కావిడకి తూచింది. రోడ్డుకి ఇవతల నీడలో నిలబడి చూశాను. ఎండ ఎక్కింది, గంప సగమయింది, తర్వాత అడుగు కనబడింది. ఆ మూడు గంటల్లో ఆవిడ ఒక్కసారి కూడా కూర్చోలేదు.